బిందెకు ఆనించిన పలక

"ఆన్‌లైన్ పాఠాలు పూర్తిచేసిన ప్రతి అంగన్‌వాడీ టీచరుకూ సూపర్‌వైజరుగా అవకాశం ఇస్తాం." శిక్షణ మొదలైన రోజు వేదిక మీద నుంచి ఒక పెద్దమనిషి ఇచ్చిన మాట ఇది. చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు. తీరా పాఠాలు పూర్తయ్యేసరికి ఆ ఉద్యోగాలన్నీ బయటివాళ్ళతో నింపేశారు. బాల్యమే జాతికి పునాది అని గోడల మీద రాయిస్తారు. పునాదిరాళ్ళు మోసినవాళ్ళను మాత్రం మేడ మెట్లు ఎక్కనివ్వరు.

మోసపోయినవాళ్ళలో కోమలి ఒకతె. ప్రతి పాఠం చివరా, పిల్లలతో ఆడిపాడుతూ వీడియో తీసి పంపాలి. తీసేందుకు మనిషి లేక, మంచినీళ్ళ బిందెకు ఫోను ఆనించి దాని ఎదుట పాడేది. మాట తప్పారని తెలిసిన సాయంత్రం, తనకు ఈ పని నేర్పిన దమయంతమ్మగారి ఇంటికి వెళ్ళింది.

"ఇంకెందుకమ్మా నేను పాడడం? పిల్లలకు గుడ్డు పెట్టి, పాలిచ్చి పంపేస్తాను. వాళ్ళిచ్చే జీతానికి అది చాలు. తప్పంటారా?"

ఏ ప్రశ్నకూ అడిగిన చోటే జవాబు చెప్పే అలవాటు దమయంతమ్మగారికి లేదు. "రేపు నీ కేంద్రానికి వస్తాను. కుర్చీ వద్దు, చాప చాలు" అన్నారు.

మర్నాడు వచ్చి పిల్లల మధ్య కూర్చున్నారు. కోమలి అన్నంత పనీ చేసింది. పాట లేదు, ఆట లేదు. అన్నాలయ్యాక పైడితల్లి అనే పిల్ల వచ్చి కోమలి కొంగు పట్టుకుంది.

"టీచర్, కప్పల పాట."

"ఇవాళ లేదమ్మా."

"ఫోను పాడైపోయిందా?"

కోమలి గిన్నెలు సర్దసాగింది. పిల్ల కాసేపు ఆలోచించింది. తన పలక తెచ్చి బిందెకు ఆనించింది. అది జారి పడింది. మళ్ళీ నిలబెట్టి, పడకుండా ఒక చేత్తో పట్టుకుని, మిగతావాళ్ళ మీద కోమలి గొంతుతోనే కేకలేసింది.

"ఒరే అప్పన్నా, ముక్కు తుడుచుకో! ఫోనులో అదే కనబడతది."

పిల్లలంతా సర్దుకుని కూర్చున్నారు. అప్పన్న చొక్కాతో ముక్కు తుడుచుకున్నాడు. పైడితల్లి వెనక్కి తిరిగింది.

"ఫోను పెట్టీసేను టీచర్. ఇప్పుడు పాడతావా?"

కోమలి బిందె దాకా వచ్చి ఆగిపోయింది. పిల్ల మాత్రం చెయ్యి తియ్యకుండా, పలకను అలాగే పట్టుకుని నిలబడింది.

దమయంతమ్మగారు చాప మీద నుంచి లేచి చీర దులుపుకున్నారు.

"నీ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆ వేదిక మీది మనిషి. పద, ఇద్దరం వెళ్ళి గట్టిగానే అడుగుదాం. ఈ పిల్ల ప్రశ్నకు చెప్పాల్సింది మాత్రం నువ్వు. జూన్ పన్నెండున అది పెద్దబడికి వెళ్ళిపోతుంది. ఆలోగా చెప్పు."