అయిదు తూటాలు, ఒకే చిల్లు

“చౌక పిస్టల్‌తో గొప్ప గురి కుదురుతుందా సాహెబ్ గారూ?” అని శివలీల అడిగింది.

బేతంచెర్ల అవతల, రాయి తీసి వదిలేసిన గనిలో మా షూటింగ్ క్లబ్బు ఉంది. సైన్యంలో సుబేదారుగా పనిచేసి రిటైరైన ఖాసిం సాహెబ్ మాకు గురువు. ప్రశ్నకు నోటితో జవాబివ్వడం ఆయనకు అలవాటు లేదు. అడిగినవారి ముఖంలోకి ఒకసారి చూసి, భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఏదో ఒక పని మొదలుపెడతారు. జవాబు మేమే ఆ పనిలోంచి ఏరుకోవాలి.

శివలీల ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ముప్పై దాటాక ఈ ఆటలోకి వచ్చింది, వచ్చిన రోజు నుంచి ఒక్క ఆదివారం మానలేదు. సొంత ఆయుధం కొనే స్తోమత లేదు. క్లబ్బు మొత్తానికీ ఉన్న ఒకే ఒక చిన్న తూటాల ట్వంటీటూ పిస్టల్‌తోనే నేర్చుకుంది. అది పేరు గొప్ప కంపెనీది కాదు. దేశవాళీ సరుకు, ప్లాస్టిక్ పిడి, అక్కడక్కడ రంగు లేచిన ఒళ్లు. మేమంతా దాన్ని ‘రేకుడబ్బా’ అనేవాళ్లం. జిల్లా జట్టు ఎంపిక రెండు వారాల్లో ఉంది. ఆ నెలంతా ఆమె తూటాలు కాగితం మీద చల్లిన గింజల్లా పడుతూ వచ్చాయి. పోటీ నుంచి తప్పుకోవడానికి ఆ ఆదివారం సాయంత్రమే గడువు. తప్పుకుంటున్నానని ఉత్తరం రాసి సంచిలో పెట్టుకునే వచ్చింది.

సాహెబ్ గారు చేతులు తుడుచుకున్నారు. షెడ్డులోంచి, పనిముట్లను బిగించి పట్టే బరువైన ఇనుప వైస్ ఒకటి తెచ్చి, కాల్చేచోట ఉన్న రాతిబల్లకు బోల్టులతో బిగించారు. పిస్టల్ పిడికి తోలుముక్క చుట్టి దాని దవడల మధ్య పెట్టి, కదలకుండా మర బిగించారు.

“ఇప్పుడు దీన్ని పట్టుకునే చెయ్యి లేదు. ఇరవై అయిదు మీటర్లు. అయిదు తూటాలు ఎంత మేర పడతాయి?”

“అన్నం పళ్లెమంత” అంది శివలీల, ఆలోచించకుండానే.

“మరీ అంత అన్యాయం కాదులే అక్కా. అరచెయ్యంత” అన్నాడు శేషఫణి. అతనికి పాలిష్ రాళ్ల ఫ్యాక్టరీ ఉంది, విదేశం నుంచి తెప్పించుకున్న వాల్‌నట్ చెక్క పిడి పిస్టల్ కూడా ఉంది.

అయిదు కాల్పులూ గని గోడలకు కొట్టుకుని తిరిగొచ్చాయి. సాహెబ్ గారు మ్యాగజీన్ తీసి, లోపల తూటా లేదని అందరికీ చూపించి, ఇక వెళ్లి చూడమని తల ఊపారు. శేషఫణి ముందుగా కాగితం దగ్గరికి చేరాడు. అక్కడి నుంచే అరిచాడు.

“ఒక్కటే తగిలింది సారూ! నాలుగు యాడికో పోయినాయి!”

“దగ్గరగా చూడు నాయనా.”

మేమంతా మూగాం. నల్లచుక్క నడుమ ఒకటే చిల్లు, రూపాయి బిళ్లను మించదు. కానీ దాని అంచు గుండ్రంగా లేదు, గన్నేరు పువ్వులా రెక్కలు రెక్కలుగా ఉంది. శివలీల వేలితో ఆ రెక్కలు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆమె గొంతు లేచింది.

“అయిదూ దీంట్లోంచే పోయినాయి! సాహెబ్ గారూ, అయిదూ!”

ఆ తరువాత ఎవరూ నిలకడగా లేరు. శేషఫణి పరుగున వెళ్లి తన తూటాల పెట్టెలు తెచ్చాడు. “ఎంతసేపు పనిచేస్తుందో కూడా చూద్దాం సార్, ఇరుక్కోదూ?” అని పందెం కాసినట్టు నిలబడ్డాడు. ఆ వేళ గాలి విపరీతం. గని దుమ్ము లేచి బల్లల మీదా కనురెప్పల మీదా పడుతోంది. సాహెబ్ గారు పిస్టల్‌ను తుడవలేదు, చుక్క నూనె వెయ్యలేదు. మేము కబడ్డీ చూస్తున్నట్టు గొంతులు కలిపి లెక్కపెట్టాం. ఇరవై, నలభై, డెబ్భై. నూరోది పేలేసరికి ఈలలు. ఒక్క తూటా ఇరుక్కోలేదు.

“ఇప్పుడు నాది బిగించండి” అన్నాడు శేషఫణి. దాని చిల్లు ఇంకాస్త చిన్నది. కాగితాలు పక్కపక్కన పెట్టి తేరిపార చూస్తే తప్ప తెలియనంత చిన్నది. ముప్పై ఆరో తూటా దగ్గర మాత్రం దుమ్ముకు కాలిన తూటా డొప్ప దానిలో ఇరుక్కుంది. శేషఫణి తలపట్టుకుని, అందరికంటే గట్టిగా తనే నవ్వాడు.

శివలీల నవ్వలేదు. చిల్లుపడ్డ కాగితాన్ని వెలుగుకు ఎత్తి చూసింది.

“ఇది ఎడమకు కిందికి కొడుతుందనుకున్నాను. అందుకే ఎప్పుడూ కుడికి, కొంచెం పైకి చూసి కాల్చేదాన్ని” అంది నెమ్మదిగా. “లాగింది నా వేలన్నమాట. ఆ తప్పు మీద నేనే ఇంకో తప్పు వేసుకుంటూ వచ్చాను.”

సాహెబ్ గారు వైస్ వదులుచేసి పిస్టల్‌ను ఆమె ముందు పెట్టారు. మొదటి అయిదూ పళ్లెమంతే పడ్డాయి. ఆమె బెదరలేదు. ప్రతి చిల్లు దగ్గరికీ వెళ్లి, “ఇది ఊపిరి. ఇది మణికట్టు. ఇది తొందర” అని రోగి నాడి చూసినట్టు చెప్పుకుంటూ వచ్చింది, కళ్లు మెరుస్తూ. నాలుగో కాగితానికి అరచెయ్యంత అయింది. చిల్లులు ఇంకా దగ్గరపడ్డ ఆరో కాగితం తీసుకుని షెడ్డంతా తిరిగి చూపించింది. పొద్దు వాలకముందే సంచిలోని ఉత్తరం నాలుగు ముక్కలైంది.

ఎంపికలో ఆరుగురిని తీసుకున్నారు. శివలీల ఆరోది. ఆ రోజు కూడా ఆమె చేతిలో ఉన్నది రేకుడబ్బానే. ఫలితం చదవగానే శేషఫణి ఆమె కంటే ముందు గంతులేశాడు.

తిరుగు ప్రయాణంలో, బస్సులో, ఆమె సాహెబ్ గారి వెనక సీటులోంచి ముందుకు వంగి అడిగింది.

“ఆ రోజు అన్ని తూటాలు ఎందుకు సాహెబ్ గారూ? పిస్టల్ మంచిదేనమ్మా అని ఒక్కమాట చెబితే సరిపోయేది కదా?”

సాహెబ్ గారు కిటికీలోంచి చూపు తిప్పలేదు.

“చెబితే నమ్మేదానివే తల్లీ” అన్నారు. “నమ్మితే, నీ కళ్లతో చూసుకోడానికి ఆ కాగితం దాకా నడిచేదానివి కాదు.”