సింహాసనం మీద పెళ్ళిపసుపు

ఒకానొక రాజ్యం, సముద్రం ఒడ్డున. దాన్నేలే ఉద్దండవర్మకు ఒక్కగానొక్క కూతురు కువలయ. పెళ్ళయింది. అత్తవారిల్లేమో సముద్రానికి అవతల. పిల్లను ఓడెక్కించాలి.

ఓడ నడపడానికి ఇద్దరు నాయకులు వచ్చారు.

"నాకు భయమంటే తెలీదు ప్రభూ! నా ఓడలో నాకు ఎదురుచెప్పే మొనగాడు లేడు" అని మీసం దువ్వాడు గజసింగం.

"నాకు సముద్రమంటే భయమే ప్రభూ. అనుమానమొస్తే తెడ్డు వేసేవాణ్ణయినా అడుగుతాను" అన్నాడు మైలన్న.

"ఛీ, పిరికిపంద! గజసింగమే మా నాయకుడు. మా సభలోనూ అంతేగా, మేం అడగనిదే ఎవడూ నోరు విప్పడు!" అన్నాడు రాజు.

ఆస్థాన విదూషకుడు పేరిభట్టుకు గుండె జారిపోయింది. కువలయను భుజాలమీద ఎక్కించుకుని ఆడించినవాడాయన. గజసింగం ఇదివరకే ఒక ఓడను రాతికి కొట్టించాడు. రాయి నావికులందరికీ కనబడిందట, చెప్పడానికి హడలిపోయారట! పాపం, ఆ సంగతి చెబుదామంటే రాజుగారు అడగందే!

మర్నాడు రాజు తల పైకెత్తుకుని ఠీవిగా సభకు వచ్చాడు. సింహాసనం తెల్లపట్టు మెత్తమీద తడి పెళ్ళిపసుపు ముద్దగా పరిచి ఉంది. సభంతా చూసింది. కిక్కురుమంటే ఒట్టు! రాజు చతికిలబడనే చతికిలబడ్డాడు.

"ఎవడ్రా ఇది చేసింది? మీకు కళ్ళు లేవూ? ఒక్కడైనా చెప్పొద్దూ?"

"చేసింది నేనే, ప్రభూ" అన్నాడు పేరిభట్టు. "కళ్ళు అందరికీ ఉన్నాయి. తమరు అడగలేదు, అంతే. ఇక్కడ పంచె తడిసింది గనుక సరిపోయింది. గజసింగం ఇదివరకు ఓడను రాతికి కొట్టించినప్పుడూ ఆ రాయి ఇలాగే అందరికీ కనబడింది. రేపు ఆ ఓడలో మన చిట్టితల్లి..."



రాజు పసుపైన పంచె చూసుకున్నాడు. ముందు పకపకా నవ్వాడు, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. మెడలోని ముత్యాలహారం తీసి పేరిభట్టు మెడలో వేశాడు. "ఇకమీదట అడక్కపోయినా చెప్పవయ్యా" అన్నాడు.

ఓడ కదిలేరోజు రాజు, గజసింగం బదులు నాయకుడిగా కుదిర్చిన మైలన్నను పక్కకు పిలిచాడు. వెనకే ఉన్న పేరిభట్టుకు ఆ మాట వినబడింది.

"నాకు భయంగా ఉందయ్యా."

"నాక్కూడా ప్రభూ. అందుకే అందర్నీ అడుగుతూ వెళ్తాను" అన్నాడు మైలన్న.