నోట్లో నానిన నువ్వుగింజ

ఒకప్పుడు చేపలు మాట్లాడేవి. గుసగుసలు కాదు, గట్టిగానే మాట్లాడేవి. కాలవలో కాలు పెడితే ఒకటే రొద. గాలం వేసి కూచున్న మనిషికి "ఆ వానపాము నిన్నటిది నాయనా, మార్చు" అని కిందినుంచి సలహా ఇచ్చేవి.

అన్నిటికంటే ఎక్కువ మాట్లాడేవి ఆఫ్రికా సరస్సుల నుంచి వచ్చిన సిక్లిడ్ చేపలు. ఒకటి పసుపు, ఒకటి నీలం, ఒకటి నారింజ. పెళ్లికి బయల్దేరినట్టు ఉంటాయి చూడ్డానికి. ఆ రంగులకు మురిసిపోయి మనుషులు వాటిని ఇళ్లకు తెచ్చుకుని గాజు తొట్టెల్లో పెట్టుకున్నారు. రంగుతోపాటు నోరు కూడా ఇంటికి వచ్చిందని తర్వాత తెలిసింది.

కాకినాడలో సుభాషిణి అనే ఆవిడ ఇంట్లో అలాంటి తొట్టె ఒకటి ఉండేది. అడుగున ఇసుక, ఇసుక మీద గుహల్లా పేర్చిన రాళ్లు. ఆ రాళ్ల మధ్య పసిడి అనే ఆడచేప, దాని మొగుడు నీలాద్రి కాపురం ఉండేవి. పసిడిది పసుపుకొమ్ము రంగు. నీలాద్రిది నీలం ఒళ్లు, దాని మీద నల్ల చారలు.

పసిడికి మాట్లాడకపోతే ఊపిరాడేది కాదు. పొద్దున్న లైటు వెయ్యగానే మొదలుపెడితే, రాత్రి లైటు తీసినా వాక్యం పూర్తయ్యాకే పడుకునేది.

"దేవుడు నాకు శ్రద్ధగా రంగు వేశాడు. నోరు కూడా పెట్టాడు. గొళ్లెం పెట్టడమే మర్చిపోయాడు" అని తన మీద తనే జోకు వేసుకుని, అందరికంటే ముందు తనే నవ్వేది.

సుభాషిణికి ఫొటోల పిచ్చి. పెద్ద కెమెరా కొనుక్కుని రోజూ తొట్టె ముందు చతికిలబడేది. ఒక్క ఫొటో కుదిరితే ఒట్టు. గాజులో తన నీడే పడేది. ఓ మూల చేప తోక, మిగతా అంతా తన నైటీ పువ్వులు.

"బాగుందే! ఈ చేపకి కళ్లజోడు ఎప్పుడు పెట్టించావు?" అనేవాడు ఆవిడ భర్త జోగారావు.

"ఏం చెప్పమంటారు! చేపల ఫొటోలు తీద్దామని మొదలుపెట్టి నా ఫొటోలు తీసుకుంటున్నాను. నా పెళ్లికి కూడా ఎవరూ ఇన్ని తియ్యలేదు" అనేది సుభాషిణి.

నీడ పడకుండా తొట్టె ముందు నల్ల దుప్పటి కట్టి, అందులోంచి కెమెరా ముక్కు ఒక్కటే బయటికి పెట్టింది. నైటీ పువ్వులు పోయాయి. ఇప్పుడు పసిడి నోరు వచ్చిపడింది.

"మాట్లాడకే తల్లీ! నోరు కదిలితే ఫొటో కదిలిపోతుంది."

"నోరు కదపకుండా ఎలా మాట్లాడనమ్మా?"

"అసలు మాట్లాడకుండా ఉండు."

"అదెలాగ?" అంది పసిడి. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగింది.

ఇంతవరకూ నవ్వులాటే. నవ్వలేని సంగతి ఒకటుంది.

పసిడి రాయి చాటున ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెట్టేది. పెట్టాక ఆ సంతోషం లోపల దాచుకోవడం దాని వల్ల అయ్యేది కాదు. పక్క గుహలో చింతాలు అనే మచ్చల చేప ఉండేది. తిన్నగా అక్కడికి వెళ్లి, "వదినా, నీ ఒక్కదానికే చెబుతున్నా, ఇంకెవరికీ అనకు" అని మొదలుపెట్టేది. చింతాలు ఎవరికీ అనేది కాదు. మాట ముగిసేలోపు ఏదో పని ఉన్నట్టు వెళ్లి, గుడ్లన్నీ తినేసి వచ్చి కూచునేది.

"అయ్యో పాపం! ఏ పాపిష్టి ముండ తినేసిందో" అని పెదాలు నాక్కుంటూ ఓదార్చేది కూడా.

ఇలా ఒకసారి కాదు, ప్రతిసారీ. ఆ తొట్టెలో పసిడి పిల్ల ఒక్కటీ ఈదలేదు.

"ఒసే, నీ నోట్లో నువ్వుగింజ నానదే" అని నీలాద్రి తిట్టేవాడు.

"నానదు మావా. అందుకేగా ఎప్పుడూ నువ్వులు తినను" అని పసిడి నవ్వేసేది. నీలాద్రి అటు వెళ్లగానే ఖాళీ గుంట దగ్గరికి వచ్చి నిలబడేది. అక్కడ మాత్రం దానికి జోకులు తట్టేవి కావు.

మళ్లీ గుడ్లు పెట్టింది. ఈసారి ఒట్టు పెట్టుకుంది. పొద్దుట్నుంచీ మధ్యాహ్నం దాకా నోరు విప్పలేదు. తొట్టెలో ఆ నిశ్శబ్దానికి నీటిబుడగల మోటారు చప్పుడు కూడా వినపడింది. ఏమైందోనని సుభాషిణి వచ్చింది.

"ఏమిటే ఇవాళ ఇంత నెమ్మదిగా ఉన్నావు?"

"ఏమీ లేదమ్మా."

"ఏదో ఉంది."

"అయ్యో, ఏమీ లేదంటే! ముఖ్యంగా ఆ తెల్లరాయి వెనకాల అస్సలేమీ లేదు. అటు చూడకండి."

తొట్టెలో ఉన్న చేపలన్నీ ఒక్కసారి తెల్లరాయి వైపు తిరిగాయి.

"ఛీ! ఇదీ ఒక నోరేనా! అబద్ధమాడినా నిజమే చెబుతుంది" అని నీలాద్రి అటు తిరిగి, మూల గుహలోకి పోయి అలిగి పడుకున్నాడు. సుభాషిణికి ఇదేమీ అర్థం కాలేదు. కుక్కర్ మూడోసారి కూసిందని వంటింట్లోకి పరుగెత్తింది.

చింతాలు మాత్రం నింపాదిగా రెక్కలాడిస్తూ బయల్దేరింది. "ఏమీ లేనిది ఎలా ఉంటుందో చూద్దామని వస్తున్నానమ్మా పసిడమ్మా" అంది.

పసిడి బాణంలా రాయి వెనక్కి వెళ్లింది. గుంటలో గుడ్లు. పచ్చగా, నువ్వుగింజల కంటే కాస్త పెద్దగా. మొగుడి తిట్టు చెవిలో గింగురుమంది. నోట్లో నువ్వుగింజ నానదు. నానదా?

ఆలోచించి చేసింది కాదు. ఆలోచించడం పసిడికి అలవాటు లేదు. గభాల్న గుడ్లన్నీ నోట్లో వేసుకుని పెదాలు బిగించింది.

చింతాలు వచ్చి గుంట చూసింది. ఖాళీ.

"ఇదేమిటి! నాకంటే ముందు ఎవరొచ్చారు?" అంది. అంటూనే నాలుక కరుచుకుంది. "అదే, ఏ పాపిష్టి ముండ వచ్చిందంటున్నా. ఎవరే పసిడీ?"

'నాకంటే ముందు' అన్న ఆ ఒక్క ముక్కకి పసిడి దగ్గర ఎన్ని సమాధానాలున్నాయో! పెదాల దాకా వచ్చాయి. గుడ్లు అడ్డొచ్చాయి. పసిడి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎదుటివాళ్లకి బదులు చెప్పకుండా వెళ్లిపోయింది.

ఆ రోజునుంచీ నోరు విప్పలేదు. నోట్లో గుడ్లున్న సంగతి దానికి తప్ప ఎవరికీ తెలియదు. పసిడి దగ్గర రహస్యం నిలవడం అదే మొదలు.

నీలాద్రి గుహలోంచి తొంగిచూసి, "పిల్లల్ని పోగొట్టుకుని ఇప్పుడు మూగనోము పట్టింది. ఈ నోము ముందే పట్టి ఉంటే బాగుండేది" అన్నాడు. పసిడికి ఒళ్లు మండింది. మింగలేదు, కక్కలేదు.

సుభాషిణి మేత వేసేది. ఎర్రటి గుళికలు ముక్కు ముందునుంచే జారిపోయేవి. నోరు తెరిస్తే గుడ్లు పోతాయి. పసిడి మొహం తిప్పుకునేది.

చింతాలు ఊరుకుంటుందా? రోజూ వచ్చి గిల్లేది. "నీ రంగు వెలిసిపోయిందే పసిడీ. నిన్న మీ ఆయన ఆ నారింజ రంగుదానితో రాయి చాటున ఏమిటో మాట్లాడుతున్నాడు. నాకెందుకులే, నువ్వే అడుగు."

ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క సమాధానం పసిడి కడుపులో పోగుపడింది. మేత లేని కడుపు కదా, చోటుకి కొదవలేదు.

రోజులు గడిచేకొద్దీ పసిడి ఒళ్లు చిక్కింది, గొంతు ఉబ్బింది. లోపల ఏదో కదులుతోంది. గుడ్లు కావవి, పిల్లలు. తోకలతో నాలుక మీద గిలిగింతలు పెడుతున్నాయి. తుమ్మొస్తే ఏమవుతుందోనని పసిడి భయం. తనకి తనే చెప్పుకుంది: "వాగకుండా ఉండటమే కష్టమనుకున్నానే పిచ్చిదానా, నవ్వకుండా ఉండటం ఇంకా కష్టం."

ఒకనాడు పొద్దున్నే సుభాషిణి వల, బక్కెట్టు పట్టుకుని వచ్చింది.

"ఏమండీ, పసిడికి గొంతు వాచింది. మేత ముట్టడం లేదు. మాట పడిపోయింది. పట్టుకుని నోరు తెరిచి మందు చుక్కలు వేస్తాను."

"మాట పడిపోవడం కూడా జబ్బేనా? మందు వెయ్యకు, అంటుకుంటుందేమో చూద్దాం" అన్నాడు జోగారావు.

"ఎవరికి అంటుకోవాలని మీ కోరికో నాకు తెలుసులెండి. మీ చలోక్తులు తర్వాత. ఆ బక్కెట్టు ఇలా పట్టుకోండి."

పసిడికి వల కనిపించింది. నోరు తెరుస్తారు. పిల్లలు బయటపడతాయి. అదిగో, చింతాలు రాయి పక్కన కాచుకునే ఉంది. 'నోట్లో పిల్లలున్నాయమ్మా' అంటే చాలు, ఆవిడ ఆగిపోతుంది. కానీ ఆ మాట అనాలంటే నోరు తెరవాలి!

జీవితమంతా అక్కర్లేని మాటలు మాట్లాడింది. ఇవాళ అక్కరైన మాట ఒక్కటుంది, దాన్ని మాట్లాడే వీల్లేదు.

వల నీళ్లలోకి దిగింది. పసిడి రాళ్ల సందులోకి దూరలేదు. తిన్నగా ఈదుకుంటూ గాజు దగ్గరికి, నల్ల దుప్పటి లోంచి కెమెరా ముక్కు పొడుచుకొచ్చిన చోటికి వచ్చి నిలబడింది. రెక్క ఆడించలేదు, తోక ఊపలేదు. నోరు కదిలితే ఫొటో కదిలిపోతుందని ఆవిడే కదా చెప్పింది!

సుభాషిణి ఆగింది. "చూశారా! ఫొటో తియ్యమని తనే వచ్చి నిలబడింది. మందు వేసే ముందు వాపు ఎంతుందో ఒకటి తీసి ఉంచుతాను."

వల పక్కన పెట్టి దుప్పటి వెనక్కి దూరింది. పసిడి పెదాలు కొంచెం సందు చేసింది. నువ్వుగింజ పట్టేంత.

కెమెరా క్లిక్కుమంది.

ఫొటో కదల్లేదు. నైటీ పువ్వులు పడలేదు. చేప మొహం అద్దంలా వచ్చింది. ఇన్నాళ్లకి కుదిరిన ఫొటో! సుభాషిణి పొంగిపోయి, దాన్ని కెమెరా తెర మీద పెద్దది చేసి జోగారావుకి చూపించింది.

"బాగుందే" అన్నాడు ఆయన. ఇంకాస్త వంగి చూశాడు. "అవునే, దీని నోట్లో ఇవేమిటి? కళ్లలా ఉన్నాయి?"

సుభాషిణి కళ్లజోడు సర్దుకుంది. పెదాల సందులోంచి రెండు చిన్న కళ్లు. వాటి పక్కన మరో రెండు. వాటి వెనక ఇంకా!

"నా బుద్ధి మండా! ఇది జబ్బు కాదండీ, పురుడు!" అని నెత్తి కొట్టుకుంది. "బాలింతని పట్టుకుని నోట్లో మందు పొయ్యబోయాను. నేనూ, నా వైద్యమూ!"

అప్పుడు చూసింది రాయి పక్కన. చింతాలు పెదాలు నాక్కుంటూ పసిడి నోటికేసే చూస్తోంది. సుభాషిణి వల మళ్లీ తీసింది. ఈసారి పట్టింది చింతాల్ని.

"నేనేం చేశానమ్మా! అడగండి, ఏ పాపిష్టి ముండ..." అంటూనే చింతాలు పక్క తొట్టెలోకి వెళ్లిపోయింది.

తొట్టె నెమ్మదించాక పసిడి ఇసుక దగ్గరికి దిగి మెల్లగా నోరు తెరిచింది. ఒకటి, వెనకే ఇంకొకటి, పచ్చటి పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చాయి.

నీలాద్రి గుహలోంచి వచ్చి అలాగే నిలబడిపోయాడు. చారలు కూడా పాలిపోయాయి. "ఇన్నాళ్లూ నోట్లోనా?" అన్నాడు. "నీ నోట్లోనా?"

ఇక చూసుకోండి! నోముపట్టిన రోజునుంచీ దాచిన సమాధానాలన్నీ పసిడికి ఒక్కసారి పైకి తన్నుకొచ్చాయి. మొగుడికి చెప్పాల్సినవి, చింతాలుకి చెప్పాల్సినవి, ఆ నారింజ రంగుదాని సంగతి వేరే. గుండెనిండా ఊపిరి పీల్చి నోరు తెరిచింది.

"అసలేం జరిగిందంటే..."

అమ్మ నోరు తెరిచింది, ఏదో ప్రమాదం, రమ్మంటోంది అనుకున్నాయి పిల్లలు. అన్నీ ఒక్క ఉరుకున నోట్లోకి వచ్చేశాయి. పసిడి నోరు మూసుకోక తప్పలేదు.

కాసేపాగి వాటిని బయటికి వదిలింది. మళ్లీ మొదలుపెట్టింది. "అసలేం..."

బిలబిలా మళ్లీ లోపలికి!

నీలాద్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. పసిడికి కోపం రావాలి, రాలేదు. తనకీ నవ్వొచ్చింది, బుగ్గల నిండా పిల్లలుండి పైకి నవ్వలేదు గానీ. దేవుడు గొళ్లెం మర్చిపోయాడని ఊరంతా చెప్పుకుంది. మర్చిపోలేదు. ఆలస్యంగా పంపించాడు, అంతే. ఇవిగో, తోకలాడిస్తున్నాయి.

పక్క తొట్టెలో చింతాలు ఊరుకోలేదు. పసిడి గుడ్లు నోట్లో దాచిందట, పిల్లలన్నీ బతికాయట, అసలు కథ పసిడే చెప్పబోతోందట, అందరూ నోళ్లు మూసుకుని వినండి అని కేకపెట్టింది. తొట్టె కడిగిన నీళ్లతోపాటు ఆ కబురు కాలవలో పడింది. కాలవ లోంచి సముద్రానికి, సముద్రం మీద ఓడల వెంట ఆఫ్రికాకి, నదులు ఎక్కి సరస్సుల్లోని చుట్టాలకి చేరింది. ప్రపంచంలోని చేపలన్నీ మాటలు ఆపి చెవులు రిక్కించాయి.

అప్పటినుంచే ఆ సరస్సుల రంగుచేపల్లో చాలామంది తల్లులు గుడ్లని నోట్లో దాచుకుంటున్నారు, పిల్లలు ఈదేదాకా మేత ముట్టకుండా పస్తులుంటున్నారు. పిల్లలు ఉలిక్కిపడితే ఇప్పటికీ అమ్మ నోట్లోకే పరుగు.

అప్పటినుంచే చేపలు గాజు దాకా వచ్చి నోరు తెరుస్తాయి, మూస్తాయి, మాట మాత్రం వినపడదు. పసిడి కథ "అసలేం జరిగిందంటే" దగ్గరే ఆగిపోయింది మరి. మిగతాది వినాలని అవన్నీ ఇంకా ఎదురుచూస్తున్నాయి.