సున్నం కొట్టిన ట్యాబు

నరసరావుపేటలో బోర్డులు రాసే వీరాస్వామి ఇంట్లో తెలివికి లోటు లేదు. అలా అని వాళ్ళే చెప్పుకునేవాళ్ళు. "మన ముగ్గురి బుర్రలూ ఒకచోట చేరితే ఊళ్ళో ఇంకెవరూ ఆలోచించక్కర్లేదు" అనేవాడు బావమరిది ఏడుకొండలు. భార్య కోటమ్మ అవునని తలూపేది.

ఫ్లెక్సీలొచ్చాక వీరాస్వామి కుంచె మూలపడింది. ఆ రోజుల్లోనే నంద్యాల బట్టల షావుకారు పుల్లయ్యశెట్టి కబురంపాడు. కొత్త కొట్టు మీద పోయిన తండ్రి బొమ్మ కావాలట. తండ్రి ఫొటో, బొమ్మలు వేసుకునే ట్యాబు ఒక మనిషికిచ్చి పంపి, "ఇందులో వేసుకురా. బాగుంటే మా కొట్లన్నిటికీ నువ్వే" అని చెప్పించాడు. ఇదీ చేజారితే ఇక గోడలకు సున్నం కొట్టుకోవడమే. అయినా వీరాస్వామి మీసం దువ్వి, "రైల్లో నేర్చుకుంటే సరి" అన్నాడు.

ముగ్గురూ రైలెక్కారు. ట్యాబులో వీడియో పెడితే అందులో టీచరమ్మ బొమ్మల పాఠం మొదలుపెట్టింది. "ముందు తెల్లగా ఒక పూత వేసుకోండి."

"చూశావా, మన పనే" అన్నాడు వీరాస్వామి. సున్నం కొట్టని గోడ మీద బొమ్మ వేసిన వంశం కాదు అతనిది. ఇంకేముంది, కోటమ్మ వక్కాకు సంచిలోంచి సున్నపు డబ్బా తీసింది. అద్దమంతా పూసేశారు. టీచరమ్మ మాయమైంది, గొంతు మాత్రం వినిపిస్తోంది.

"పాపం, గోడవతల ఇరుక్కుపోయిందయ్యా" అంది కోటమ్మ. ఆరేదాకా కిటికీ గాలికి పట్టుకుని, పైటచెంగుతో తుడిచి ఆవిణ్ణి బయటికి తీశారు.

"ఫొటోను అటూ ఇటూ సాగదీస్తే ముక్కూ కళ్ళూ పెద్దగా కనబడతాయి" అంది టీచరమ్మ. ఏడుకొండలు జేబులోంచి షావుకారు తండ్రిని తీసి లాగాడు. అంతే, పెద్దాయన ముక్కు దగ్గర రెండుగా చిరిగాడు.

ఇంతలో టీచరమ్మ, "పొరపాటు చేస్తే రెండు వేళ్ళతో తట్టండి, అంతా ముందున్నట్టే అయిపోతుంది" అంది. వీరాస్వామి అద్దం మీద గీత గీసి తట్టి చూశాడు. గీత పోయింది. ఫొటోను తట్టాడు. అతుక్కోలేదు.

"పాత ఫొటో కదా బావా, దానికి చదువు రాదు" అన్నాడు ఏడుకొండలు.

వీరాస్వామి ఇంకేం చేస్తాడు? ఎదురు సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్న ముసలాయన్ని చూసి ట్యాబులో బొమ్మ వేశాడు. నిజం చెప్పొద్దూ, బొమ్మ బాగా కుదిరింది. చేతికి పని తెలుసు, బుర్రకే తెలీదు.

నంద్యాలలో షావుకారు ట్యాబు చూసి కళ్ళొత్తుకున్నాడు. తండ్రి బతికున్నన్నాళ్ళూ ఆయన ముఖం వంక చూసే తీరిక దొరకని మనిషి. "అచ్చం మా నాన్నే. ఇక కొట్టు మీదికి ఎక్కించెయ్" అంటూ లోపలికి వెళ్ళాడు.

కోటమ్మ నిచ్చెన పట్టుకుంది. ఏడుకొండలు మేకు అందించాడు. వీరాస్వామి ట్యాబును గుమ్మం పైన ఆనించి నడిమధ్య సుత్తితో ఒక్కటేశాడు. అంతే, అద్దం పగిలి బొమ్మ ఆరిపోయింది.

షావుకారు పరుగెత్తుకొచ్చి "మా నాన్నేడిరా" అని గొల్లుమన్నాడు.

"కంగారు పడకండి శెట్టిగారూ, పొరపాటుకి మందుంది" అని వీరాస్వామి రెండు వేళ్ళతో మేకును తట్టాడు. మేకు కదల్లేదు. మళ్ళీ తట్టాడు.

షావుకారు కాసేపు చూశాడు. ఓపిక నశించి నిచ్చెనెక్కి, "నీకు చేతకాదు గానీ, జరుగు" అని తనూ రెండు వేళ్ళు చాచాడు.