తలుపు పక్క కుర్చీ

పదకొండు నెలలు తాగకుండా ఉన్న హైమావతి, చెల్లెలి గృహప్రవేశం రోజున మళ్ళీ తాగింది. ఆగలేదు. మూడో రోజు అలాగే కాలేజీకి వెళ్ళి, జువాలజీ క్లాసులో బోర్డు మీద బొద్దింక బొమ్మ గీసి ఎనిమిది కాళ్ళు పెట్టింది. పిల్లలు నవ్వారు. ప్రిన్సిపాల్ గది తలుపు వేసి, ఇంకొక్కసారి ఇలా వస్తే ఉద్యోగం ఉండదని చెప్పాడు.

తాగుడు మానదలచినవాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే మీటింగులుంటాయని ఆమెకు తెలుసు. వెతకడం మొదలుపెట్టింది. ఫోన్లో దొరికిన మొదటి అడ్రసులో కళ్ళజోళ్ళ షాపుంది. రెండోచోట తాళం. మీటింగు ఆగిపోయి ఏడాదైందని పక్కింటావిడ చెప్పి, మీవారి కోసమా అమ్మా అని అడిగింది. హైమావతి అవునంది.

మూడోది చీరాలలో. బస్సులో గంట. కుట్టు నేర్పే సెంటరు వెనక గది, బుధవారం సాయంత్రం ఆరింటికి.

అక్కడ మోషే మాస్టారున్నారు. హైస్కూల్లో డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి. పంతొమ్మిదేళ్ళుగా చుక్క ముట్టలేదు. ప్రతి వారం అందరికన్నా ముందొచ్చి, కుట్టుమిషన్లు గోడవారకు జరిపి, కుర్చీలు గుండ్రంగా వేసేవారు. తలుపు పక్క కుర్చీ కొత్తగా వచ్చేవాళ్ళదని చెప్పి మొదటి రోజు ఆమెను అందులో కూర్చోబెట్టారు.

మిగతావాళ్ళు ఆరుగురూ మగవాళ్ళే. మగ్గం నేసే వీరరాఘవులు, ఆటో నడిపే ఏలియా, ఇంకో నలుగురు. రెండో వారం మాస్టారు ఆమె కోసం లోపల, వీరరాఘవులు పక్కన ఒక కుర్చీ వేశారు. ఆమె చూడనట్టు తలుపు దగ్గరే కూర్చుంది. మూడో వారమూ అంతే. బ్యాగు ఒళ్ళో నుంచి దించేది కాదు. వంతు వచ్చినప్పుడల్లా, వింటానండి, మీరు కానివ్వండి అనేది.

మేడంగారు ఇన్విజిలేషన్‌కి వచ్చారు, ఎవరూ కాపీ కొట్టకండని ఏలియా ఓసారి అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆరో బుధవారం కాస్త ముందే వచ్చి మాస్టారిని అడిగింది. "నాలాంటివాళ్ళు వచ్చే మీటింగు ఇంకెక్కడైనా ఉందా మాస్టారూ?"

"నీలాంటివాళ్ళంటే ఎవరమ్మా?"

ఆడవాళ్ళు, అంది. నాలుగక్షరాలు చదువుకున్నవాళ్ళు. ఆయన లేదంటే ఇక వెతకడం మానేద్దామని బస్సులోనే అనుకుంది. ఇంకో ఊరు, ఇంకో తాళం చూసే ఓపిక లేదు. మానేస్తే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు.

మాస్టారు కుర్చీలు తుడుస్తూ ఉండిపోయారు.

మీటింగు సగంలో ఉండగా ఒకామె గుమ్మంలోకి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఎగ్గట్టిన చీర, చేతిలో ఖాళీ చేపల గంప. తలుపు పక్క కుర్చీ వంక చూసింది. అందులో హైమావతి ఉంది. ఖాళీ కుర్చీ అవతలి వైపు, వీరరాఘవులు పక్కన ఉంది. అక్కడికి చేరాలంటే మగవాళ్ళ మోకాళ్ళ ముందు నుంచి నడవాలి.

"వేరే చోటనుకుని వచ్చానండి," అని ఆమె మెట్లు దిగిపోయింది.

అది ఎలాంటి అబద్ధమో హైమావతికి వెంటనే తెలిసింది.

మాస్టారు లేచి ఆమె దగ్గరికొచ్చారు. "లేమ్మా."

ఆమె లేచింది. ఆయన ఆ కుర్చీ ఎత్తుకున్నారు. ఒక మోకాలు సరిగా వంగదు, మూడు మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. వీధిలో ఆ మనిషి గోడవార నిలబడి చెంగుతో మొహం తుడుచుకుంటోంది. మాస్టారు ఆమెను పిలవలేదు. కుర్చీ ఆమె పక్కన పెట్టి, వెనక్కి తిరిగి వచ్చేశారు.

గదిలో హైమావతి బ్యాగు పట్టుకుని నిలబడే ఉంది. ఎదురుగా గుమ్మం. గుమ్మం అవతల బస్టాండుకు దారి. ఎవరూ ఆమె వైపు చూడలేదు. వీరరాఘవులు మాత్రం మోకాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు.

మాస్టారు తన కుర్చీలో కూర్చుని ఆయాసం తీర్చుకున్నారు.

"నీలాంటివాళ్ళు కావాలని అడిగావు గదమ్మా," అన్నారు. "బయట ఉంది."

హైమావతి నడిచి వెళ్ళి ఖాళీ కుర్చీలో కూర్చుంది. బ్యాగు కింద పెట్టింది. ఆమె వంతు ఇంకా రాలేదు. రాకముందే మాట్లాడింది, క్లాసులో చివరి బెంచీకి వినపడేటట్టు.

"నా పేరు హైమావతి. మా చెల్లెలి గృహప్రవేశం రోజున తాగాను. బీరువాలో మా మరిది దాచుకున్న సీసా. తాగి, నీళ్ళు పోసి మళ్ళీ అక్కడే పెట్టాను."



మీటింగు అయిపోయి అందరూ బయటికి వచ్చేసరికి వీధిలోని కుర్చీ మెట్ల దాకా జరిగి ఉంది. కొత్తగా వచ్చినామె అందులో కూర్చునే ఉంది, గంప ఒళ్ళో పెట్టుకుని.

మరుసటి బుధవారం హైమావతి నాలుగు గంటల బస్సుకే బయల్దేరింది. కుట్టుమిషన్లు జరిపి కుర్చీలు తనే వేసింది. తలుపు పక్కది వేసి, తుడిచి, లోపలికెళ్ళి కూర్చుంది. అప్పటినుంచి ప్రతి బుధవారం ఆ బస్సుకే వస్తోంది. ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోలేదు.