చివరి బెండు

శిష్యులు ఏమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు చెన్నకేశవ దాసుగారికి లేదు. "పద, స్నానానికి పోదాం" అనేవారు. బావికి వెళ్ళొచ్చేలోగా సగం ప్రశ్నలు వాటంతటవే సద్దుమణుగుతాయని ఆయన నమ్మకం కాబోలు. విరూపాక్షయ్య ప్రశ్న మాత్రం సద్దుమణిగే రకం కాదు.

విరూపాక్షయ్య ఊరూరా తిరిగి శరణాగతి మీద ఉపన్యాసాలు చెప్పేవాడు. "తండ్రి ఉండగా బిడ్డకు భయమేమిటమ్మా?" అని గొంతు వణికిస్తే ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకునేవారు. ఇంటికొచ్చాక మాత్రం దేవుడికి దణ్ణం పెట్టి, ఆ చేత్తోనే పంచాంగం తిప్పి వర్జ్యం చూసుకునేవాడు. చెప్పేవి శ్రీరంగనీతులని తనకే తెలుసు. ఆ సిగ్గు మోయలేక, ఎండాకాలం ఒకరోజు గురువుగారి ముందు బయటపడ్డాడు.

"స్వామీ, తండ్రీ అని పిలవడం నోటికి వచ్చింది గానీ లోపలి బెదురు పోలేదు. నమ్మకం ఎట్లా కుదురుతుంది?"

"ఎండ దంచుతోంది. పద, బావికి పోదాం" అన్నారు దాసుగారు.

ఊరి బయట తోటలో దిగుడుబావి ఉంది. అక్కడ తిక్కన్న అనే రైతు తన కూతురు ఉరుకుందమ్మకు ఈత నేర్పుతున్నాడు. పిల్లకింకా పాలపళ్ళు ఊడలేదు. ఆ వైపు ఈత నేర్పే పద్ధతి ఒకటుంది. ఎండిన కిత్తలి కాడను బిళ్ళలుగా కోస్తారు. దాన్నే బెండు అంటారు, నీళ్ళలో తేలుతుంది. ఆ బిళ్ళలను తాడుకు గుచ్చి పిల్లల నడుముకు కట్టి, ఈత వచ్చేకొద్దీ ఒక్కొక్కటే తీసేస్తారు. చివరి బిళ్ళను మాత్రం పిల్లకు చెప్పకుండా తీస్తారు.

కర్నూలులో కొళాయి నీళ్ళు పోసుకుని పెరిగిన విరూపాక్షయ్యకు ఇదేమీ తెలియదు. తిక్కన్న ముడి బిగిస్తున్నట్టు నటించి చివరి బెండును మెల్లగా లాగి మెట్టు మీద పెట్టడం, వట్టి తాడుతో పిల్ల నీళ్ళలోకి దూకడం అతను చూశాడు. పిల్ల నవ్వుతూ బావి నడిమికి ఈదింది. తండ్రి చేతికందే దూరంలోనే వెంట ఈదుతున్నాడు. విరూపాక్షయ్య కంటికి తండ్రి ఆనలేదు, మెట్టు మీది బెండే కనబడింది.

"అమ్మాయీ, నీకు బెండు లేదు!" అని అరిచాడు.

పిల్ల నడుము తడుముకుంది. కాళ్ళూ చేతులూ ఆగిపోయాయి. అంతవరకూ చేపలా తిరిగిన పిల్ల బుడుంగున మునిగింది.

తిక్కన్న ఒక్క ఊపున పైకెత్తి తెచ్చి మెట్టు మీద కూర్చోబెట్టాడు. పిల్ల దగ్గి, నీళ్ళు కక్కి, తండ్రి వైపు అదోరకంగా చూసింది. "నాయనా, బెండెందుకు తీసినావు?" అంది.

ఆ చూపు విరూపాక్షయ్య ఎరిగినదే. దేవుడి పటం ముందు నిలబడి రోజూ తాను చూసే చూపు అది. ఊరూరా నమ్మకం పంచే పెద్దమనిషి ఒక్క కేకతో ఒక పసిదాని నమ్మకం చెడగొట్టాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తిక్కన్న నాలుగు తిట్టినా బాగుండేది.

"సాములకు తెలీదులే" అన్నాడు తిక్కన్న. "కానీ ఈ పూట బెదురు దూరిందంటే ఇంక నీళ్ళల్లో దిగదు సామీ. బావుల మధ్య బతికేది. ఈత రాకుంటే ఎట్లా?"

ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది. తిక్కన్న మళ్ళీ నీళ్ళలోకి దిగి చేతులు చాచాడు. "రామ్మా. నేనీడనే ఉండా."

పిల్ల కదల్లేదు. తన మూలంగా ఈ బిడ్డ చెడిపోకూడదని విరూపాక్షయ్య దేవుణ్ణి మనసారా వేడుకున్నాడు. అప్పుడు వర్జ్యం సంగతి గుర్తుకే రాలేదు.

కాసేపటికి ఉరుకుందమ్మ లేచింది. మెట్టు మీది బెండు చేతిలోకి తీసుకుంది. కట్టమని అడుగుతుంది కాబోలనుకున్నాడు విరూపాక్షయ్య. పిల్ల తిన్నగా వచ్చి దాన్ని అతని చేతిలో పెట్టింది.

"ఇది నీకాడ పెట్టుకో సామీ. మళ్ళీ అరవొద్దు" అని చెప్పి, పరిగెత్తి తండ్రి ముందుకు దూకింది.

గురుశిష్యులు తిరుగుదారి పట్టారు. బెండును పారేయలేక, దాచుకోలేక విరూపాక్షయ్య తల వంచుకుని నడుస్తున్నాడు. తోట దాటాక దాసుగారు తడి పంచె భుజాన సర్దుకుంటూ అన్నారు.

"బెండు లేదన్నావు, నిజమే. నాన్న పక్కనే ఉన్నాడు, అదీ నిజమే. నీ నోటికి ఏది ముందొచ్చింది నాయనా?"