పోయిన నీడను తెచ్చి ఇచ్చిన ఉలవకొండ నీడమ్మ

ఉలవకొండ గ్రామం దాటి పడమటి చేల మీదుగా నడిస్తే, రేగుపొదల నడుమ ఏనుగు వీపులా పైకి లేచిన తెల్లని బండ ఒకటి కనిపిస్తుంది. అదే నీడమ్మ తల్లి సన్నిధి. తొలిసారి వచ్చినవారు ఇక్కడ గోపురం కోసం, గర్భగుడి కోసం వెతుక్కుంటారు. అవేవీ లేవు. బండ చుట్టూ మోకాలెత్తు రాతిగోడ, తూర్పున చిన్న వాకిలి, అంతే. అమ్మవారికి విగ్రహం కూడా లేదు. బండ నడినెత్తిన, పడుకున్న మనిషంత పొడవున ఒక నల్లని మచ్చ ఉంటుంది. కొంగు భుజం మీదుగా జారిన ఆడమనిషి నీడ అది. ఎండలోనూ మబ్బులోనూ ఒకే తీరున నల్లగా ఉంటుంది. ఆ నీడ ఎవరిదో, ఆ మనిషి మాత్రం కనిపించదు.

పూర్వం ఇక్కడ అమ్మ పేరు ఎవరూ ఎరుగరు. దీనిని నీడమింగే బండ అనేవారు. ఎండలు ముదిరినప్పుడు ఏదో ఒక మిట్టమధ్యాహ్నం ఈ బండ మీద నిలిచినవారి నీడ మాయమవుతుందని, నీడ పోయినవాడు మరుసటి ఉగాది చూడడని చెప్పుకునేవారు. ఆ వేళకు ఊరివారంతా పందిళ్ళ కింద ఉంటారు గనుక తమ వాకిట నీడలు ఏమవుతున్నాయో చూసినవారు లేరు.

ఆ కాలంలో ఉలవకొండలో మాళింగప్ప, కెంచమ్మ అనే కురుబ దంపతులు ఉండేవారు. అన్న బీరన్నతో కలిసి మాళింగప్ప మంద కాచేవాడు. ఒక వేసవిలో గొర్రె ఒకటి బండ ఎక్కి ఈనింది. పిల్లను తెచ్చేందుకు మాళింగప్ప పైకి వెళ్ళాడు. పిల్లను చంకనెత్తుకుని లేచేసరికి బండ కింది నుంచి బీరన్న కేక వేశాడు.

"మాళింగా! నీ నీడ యాడరా?"

మాళింగప్ప కిందికి చూశాడు. ముందు లేదు. వెనుక లేదు. పక్కకు జరిగాడు. అక్కడా లేదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలిచి ఉన్నాడు. గాలి లేదు, పిట్ట అరుపు లేదు. అతని చేతిలోని పిల్ల కూడా అరవడం మానింది.

అతను పిల్లను అక్కడే వదిలి పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చాడు. ఆనాటి నుంచి గుడిసె దాటలేదు. బయటికి వస్తే నేల చూడవలసి వస్తుంది. కెంచమ్మ సంగటి ముద్ద పెడితే పెట్టినట్టే ఉండేది. "నీడే లేనోనికి కూడెందుకు?" అని గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కండ కరిగి ఎముకలు తేలాయి.

కెంచమ్మ మొదట ఇదంతా వట్టి భయమే అనుకుంది. ఒక సాయంత్రం దీపం వెలిగించి, అతన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి తల దువ్వుతున్నది. అనుకోకుండా ఆమె కళ్ళు గోడ మీద పడ్డాయి. దువ్వుతున్న చేయి కనిపించింది. దువ్వెన కనిపించింది. గోడ మీద ఆమె నీడ ఒక్కటే కదులుతున్నది. దువ్వెన కింద ఏ తలా లేదు. ఆమె దీపం ఆర్పి, చీకట్లోనే మిగిలిన చిక్కు తీసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో దీపం పెట్టలేదు.

ఇంతలో మందలో గొర్రెలు ఒకటొకటిగా చావసాగాయి. బీరన్న వాకిట్లో నిలబడి, లోపలికి రాకుండానే చెప్పాడు.

"కెంచా, నాకూ తమ్ముడే వాడు. అయితే మంద బతకల్ల అంటే వాడు పొలిమేర దాటల్ల. శ్రావణం ముగిసేలోగా పంపించు."

"నడవలేనోన్ని యాడికి పంపేది బావా?"

బీరన్న మంద వైపు వెళ్ళిపోయాడు.

మరునాటి నుంచి కెంచమ్మ బండ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. నీడ పోయిన చోటనే నీడను అడగాలనుకుంది. భర్త కాపరి కర్రను బండ పగులులో నిలబెట్టి దాని పాదాన కూర్చునేది. మొదటి రోజే ఆమెకు ఒక వింత కనిపించింది. చలికాలమంతా మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి పడటం ఆమె ఎరుగును. ఇప్పుడది దక్షిణానికి పడుతున్నది. లోకమే అటు తిరిగి పడుకున్నట్టు తోచింది. ఆషాఢం దాకా ఆ నీడ దక్షిణానికి సాగింది. తర్వాత కొంతకాలం కదలనట్టే ఉండి, మెల్లగా వెనక్కి తగ్గసాగింది.

ఒక మధ్యాహ్నం ఆమె కర్ర పాదాన సొమ్మసిల్లి పడిపోయింది. ఆ మగతలో ఎవరో చెవి దగ్గర కూర్చుని మాట్లాడారు. ఆడగొంతు. వేడి రాతి లోపలి నుంచి వచ్చినట్టు ఉంది.

"నేను ఎవురి నీడా మింగను. నిలబడినోళ్ళే దాన్ని తొక్కుకోని నిలబడతారు. భయపడి పారిపోయినోని నీడ నా కాడ్నే నిలిచిపోయింది. సూర్యుడు పోయిన దావనే మళ్ళీ వస్తాడు. ఆ పొద్దు వాన్ని తీసుకురా. పిలిచితే పలకనియ్యొద్దు."

కళ్ళు తెరిచేసరికి ఎవరూ లేరు. కర్ర నీడ మాత్రం జానెడుకు కుంచించుకుపోయి ఉంది.

శ్రావణం వచ్చింది, ముసురు పట్టింది. సూర్యుడు కనిపించకుండా దినాలు గడిచాయి. ఆ నాడు దాటిపోతుందేమోనని కెంచమ్మ, కర్ర నీడ తగ్గిన తీరును బట్టి దినాలు లెక్కపెట్టుకుంది. చివరకు తన లెక్క మీదనే నమ్మకం పెట్టుకుని, మాళింగప్పను కంబళిలో చుట్టి వీపున మోసుకుని బండ ఎక్కింది. అతను గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"సూడమనకు కెంచా. నేను సూడలేను."

"నువ్వు సూడొద్దులే. నేను సూస్తాను. నువ్వు నిలబడు, చాలు."

మబ్బు కింద ఎవరికీ నీడ లేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు గాలి ఆగింది. మబ్బు నూతి గట్టులా గుండ్రంగా విచ్చుకుని, ఎండ నిట్టనిలువున బండ మీద పడింది. కర్రకు నీడ లేదు. ఆమెకు లేదు. అతనికి లేదు. చప్పుడన్నది ఎక్కడా లేదు.

ఆ నిశ్శబ్దంలో వెనుక నుంచి పిలుపు వినిపించింది.

"మాళింగా!"

అచ్చంగా బీరన్న గొంతు. మాళింగప్ప ఉలిక్కిపడి నోరు తెరవబోయాడు. కెంచమ్మ అతని నోరు మూసి, తల తన భుజానికి అదుముకుంది. మళ్ళీ పిలుపు వచ్చింది, ఈసారి మరింత దగ్గరగా. తర్వాత ఆ పిలుపు కెంచమ్మ గొంతుతోనే వచ్చింది. తన గొంతు తన వెనుక నుంచి వినబడుతుంటే ఆమె కర్ర పాదం వైపే చూస్తూ నిలబడింది.

కర్ర పాదాన, తూర్పు పక్కన, వెంట్రుకవాసి నలుపు కనిపించింది. ఆమె కాళ్ళ పక్కన కనిపించింది. మరి కాసేపటికి, పుట్టినపిల్ల వేలు చాచినట్టు, అతని పాదాల కింది నుంచి కూడా మెల్లగా బయటికి వచ్చింది.

"వచ్చిందా?" అని అతను కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"వచ్చింది. నీ కాళ్ళకాడ్నే ఉంది. సూసుకో."

అతను చూశాడు. చూసి, బండ మీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. కెంచమ్మ మాత్రం ఇంకో వైపు చూస్తున్నది. వారి పక్కన, ఏ మనిషీ లేని చోట, మూడో నీడ ఒకటి పరుచుకుని ఉంది. కొంగు భుజం మీదుగా జారి ఉంది. మబ్బు మళ్ళీ మూసుకున్నప్పుడు వారిద్దరి నీడలూ మాసిపోయాయి. అది మాసిపోలేదు.

మాళింగప్ప ఆ సాయంత్రమే సంగటి అడిగి తిన్నాడు. మందలో చావులు ఆగాయి. బీరన్న బండకు వచ్చి, ఆ నాడు తాను ఊరు కదలలేదని, ఎవరినీ పిలవలేదని ప్రమాణం చేసి, నల్లని మచ్చ ముందు సాగిలపడ్డాడు. మాళింగప్ప మనుమలను ఎత్తుకునేదాకా బతికాడు. ఆ వంశంవారే నేటికీ ఇక్కడ అర్చకులు.

సూర్యభగవానుడు ఉత్తరానికి పోతూ ఒకసారి, దక్షిణానికి మరలివస్తూ ఒకసారి మన తెలుగునేలలో ప్రతి ఊరి నడినెత్తినా నిలుస్తాడు. ఏ ఊరి దినం ఆ ఊరిదే. ఉలవకొండకు ఆ రెండు దినాలూ తిరునాళ్ళే. అమ్మవారిపై నీడ పడరాదు గనుక సన్నిధికి కప్పు వేయరు, గొడుగు పట్టరు. దీర్ఘవ్యాధులవారిని, దడుపు పట్టినవారిని, బతుకు మీద ఆశ వదులుకున్నవారిని వారి మనుషులు బండ మీదికి తీసుకువస్తారు. కర్ర నీడ మాయమైనది మొదలు తిరిగి కనిపించేదాకా ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. పిలుపు వినబడినా పలకరు. వచ్చినవారు కళ్ళు మూసుకుని నిలబడాలి. నీడ వచ్చిన సంగతి తమంతట తాము చూసుకోరాదు. పక్కనున్నవారు చూసి, "వచ్చింది, సూసుకో" అని చెప్పాలి. అలా చెప్పించుకున్నవారికి భయం తీరి, ఆయుష్షు నిలుస్తుందని భక్తుల నమ్మకం.

తోడు లేక ఒంటరిగా వచ్చేవారు కూడా ఉంటారు. వారికి చెప్పేందుకు అర్చకులు ఎంత త్వరపడినా, ఒక్కోసారి వెళ్ళేసరికే వారు కళ్ళు తెరిచి, కన్నీళ్ళతో నేల చూసుకుంటూ ఉంటారు. ఎవరు చెప్పారని అడిగితే, పక్కనున్న ఆమె చెప్పిందని అంటారు.